దగ్గు, జ్వరానికి రాసే ‘ఫీవర్ ప్యానెల్’లో పనికొచ్చేవి ఎన్ని?

ఈ ప్యానెల్‌లో అరడజను పైనే పరీక్షలుంటాయి. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కు నిజంగా అక్కరకొచ్చేవి మూడే: సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రోటీన్), యూరియా. అవి కూడా జబ్బు ఎంత ముదిరిందో చెప్పినంత బాగా ఏ క్రిమి వల్ల వచ్చిందో చెప్పవు. దానికి స్వాబ్, కఫం పరీక్షలు వేరే ఉన్నాయి.

సీబీసీలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) పెరగ్గానే బాక్టీరియా అని తేల్చేస్తారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేసుకున్నా అవి పెరుగుతాయి. రక్తనాళాల గోడలకు అంటిపెట్టుకున్నవి ఊడి రక్తంలో కలుస్తాయి. అందుకే ఈ మందు వాడే అవకాశమున్న ఆస్తమా, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్ల రిపోర్టును మందుల చీటీతో కలిపి చదవాలి. న్యుమోనియాలో తెల్లకణాలు 4,000 కన్నా, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గితే తీవ్రత కిందే లెక్క. అయితే ప్లేట్‌లెట్లు తగ్గాయని కంగారుపడే ముందు శాంపిల్ గడ్డకట్టిందేమో కనుక్కోండి. ఊదారంగు మూత ట్యూబును రక్తం తీసిన వెంటనే ఎనిమిది, పదిసార్లు మెల్లగా తిరగేయకపోతే వచ్చే తంటా ఇదే. మైకోప్లాస్మా అనే బాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాలో ఇంకో తమాషా: చల్లబడిన శాంపిల్‌లో ఎర్రకణాలు గుంపులు కట్టి, వాటి లెక్క పడిపోయి, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) నమ్మలేనంత పెరుగుతుంది. 37 డిగ్రీలకు వెచ్చచేసి మళ్లీ నడిపితే సర్దుకుంటుంది.

మూడింటిలో నా ఓటు సీఆర్‌పీకే. కాకపోతే కాలేయం దాన్ని తయారుచేసి వదలడానికి కొన్ని గంటలు పడుతుంది, గరిష్ఠానికి చేరేసరికి దాదాపు రెండు రోజులు. జ్వరం మొదలైన పూటే చేయించి ‘నార్మల్’ అని ఊరుకోకూడదు. ఎక్స్‌రే లేకుండా న్యుమోనియా అవునో కాదో తేలని పెద్దవాళ్ల విషయంలో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2014లో ఒక లెక్క చెప్పింది: లీటరుకు 20 మి.గ్రా. లోపైతే యాంటీబయాటిక్ అలవాటుగా రాయొద్దు, 20 నుంచి 100 అయితే తగ్గకపోతేనే వాడేలా చీటీ ఇవ్వొచ్చు, 100 దాటితే మొదలుపెట్టాలి. ల్యాబు డెసిలీటరుకు 12 అని ఇస్తే అది లీటరుకు 120. యూనిట్ చూడకపోతే ముదిరిన జబ్బు కూడా మామూలుగా కనిపిస్తుంది. పిల్లల్లో అడినోవైరస్ కూడా సీఆర్‌పీని బాగా పెంచేస్తుంది, అక్కడ ఈ అంకెను ఒంటరిగా నమ్మలేం.

యూరియా కిడ్నీ పరీక్షే అయినా న్యుమోనియా తీవ్రతను లెక్కగట్టే కర్బ్-65 స్కోరులో రక్తపరీక్ష అదొక్కటే. మిగతా నాలుగూ, అంటే తికమక, శ్వాస వేగం, బీపీ, వయసు మంచం దగ్గరే తెలుస్తాయి. యూరియా లీటరుకు 7 మిల్లీమోల్ దాటితే ఒక పాయింటు. మిల్లీగ్రాముల్లో యూరియా అయితే డెసిలీటరుకు సుమారు 42, బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్ మాత్రమే) అయితే సుమారు 20. రిపోర్టులో ఏది అచ్చేశారో చూడకుండా స్కోరు వేస్తే ఒక పాయింటు గల్లంతే.

ప్రోకాల్సిటోనిన్ (బాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలో చెప్పడానికి పనికొస్తుంది. ఎక్స్‌రేలో న్యుమోనియా ఉందంటే మాత్రం అది తక్కువగా ఉందని మందు మొదలుపెట్టకుండా ఉండొద్దని 2019 అమెరికా మార్గదర్శకాల మాట. ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు అడుక్కి దిగే వేగం) ఆలస్యంగా పెరిగి నిదానంగా దిగుతుంది, ఈ పనికి దండగ.