తొమ్మిదేళ్ల ఈపీఏబీఎక్స్: నడుస్తుండగానే కార్డు మార్చొచ్చన్నారు, నిజమే కానీ...

మా నర్సింగ్ హోమ్‌లో తొమ్మిదేళ్లుగా ఒకటే ఈపీఏబీఎక్స్, అంటే గదుల్లోని ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్ఛేంజ్ పెట్టె. అందులో ఒక్కోదానికి 16 ఫోన్లు తగిలించే సర్క్యూట్ బోర్డులు, అదే కార్డులు, ఆరు; ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్ లైన్లు) 96. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది. నేను చెప్పాలనుకున్నది ఒక్కదాని గురించే: సిస్టమ్ నడుస్తుండగానే కార్డు తీసి కొత్తది పెట్టొచ్చు.

ఒక మే నెల రాత్రి ఉరుములకు రెండో అంతస్తు ఫోన్లన్నీ మూగబోయాయి. టెక్నీషియన్ వచ్చి, చేతికి ఎర్త్ పట్టీ కట్టుకుని, పైనా కిందా ఉన్న లివర్లు రెండూ ఒకేసారి విప్పి కార్డు లాగాడు. "కొత్తది ఇదే స్లాటులో పెట్టాలి సార్, నంబర్లు కార్డుకు కాదు, స్లాటుకు ఉంటాయి" అన్నాడు. కాసేపటికి పచ్చ లైటు వెలిగింది. ఆ టైంలో రిసెప్షన్ అమ్మాయి ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది, ఇక్కడ ఏం జరిగిందో ఆమెకు తెలియనే లేదు! తర్వాత రెండుసార్లు నేనే మార్చాను. కనిపించినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను కూడా.

పోయినేడు మొత్తం సిస్టమ్‌ను నడిపే సీపీయూ కార్డు వారానికోసారి హ్యాంగవడం మొదలైంది. దాన్ని మాత్రం నడుస్తుండగా తీయకూడదు, ఆ సంగతి నాకూ తెలుసు. పెట్టె తలుపు మీద స్టిక్కర్ కూడా ఉంది: 'కరెంటు ఆపి తీయండి'. గోడ మీద స్విచ్ ఆపి లాగాను. చిటుక్కుమంది. తలెత్తి చూస్తే పక్క కార్డుల లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కింద అరలో 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు, 48 వోల్టులు ఇస్తూ నిక్షేపంగా పనిచేస్తున్నాయి. కరెంటు పోయినా ఫోన్లు ఆగకూడదని మేమే ముచ్చటపడి పెట్టించుకున్నవి! వాటి స్విచ్ వెనకవైపు ఉంది. స్టిక్కర్‌లో బ్యాటరీ అన్న మాటే లేదు.

పాత సీపీయూ ఆ దెబ్బతో పూర్తిగా పోయింది. నా దగ్గరున్న సెట్టింగుల బ్యాకప్ రెండేళ్ల కిందటిది. అది ఎక్కించాక డాక్టరు గారి గదికి చేస్తే ల్యాబ్‌లో మోగింది. ఈ మధ్యలో మార్చిన నంబర్లన్నీ వెతికి సరిచేయడానికి రెండు రాత్రులు పట్టింది. హెడ్ నర్సు గారి మాటలు ఇక్కడ రాయలేను.

తప్పు నాదే, సగం. మిగతా సగం ఆ స్టిక్కర్ రాసినవాళ్లది.

ఇప్పుడు తలుపు లోపల మార్కర్‌తో నేనే రాసిపెట్టాను: బ్యాకప్, మెయిన్స్, బ్యాటరీ, లైట్లన్నీ ఆరాకే చెయ్యి. ఎక్స్‌టెన్షన్ కార్డులు నడుస్తుండగా మార్చడం ఇప్పటికీ బాగానే ఉంది, కాకపోతే మునుపటంత ధీమాగా చేయడం లేదు. పగలు కార్డు పోతే రాత్రి ఫోన్లు తగ్గేదాకా ఆగుతున్నాను.

రాత్రీపగలూ నడిచే చోటు కాబట్టి మాకు ఈ సౌకర్యం కావాలి. సాయంత్రం ఆరింటికి తాళం వేసే ఆఫీసైతే దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదేమో, అంతా ఆపేసి తీరిగ్గా మార్చుకోవచ్చు. పాత కార్డులు సెకండ్ హ్యాండ్‌లో దొరికినన్నాళ్లు మేమైతే దీన్నే నడుపుతాం.