చాప కింద నీరా, తొడగొట్టుడా: అమెరికాతో పోటీలో చైనాకు ఏ దారి మేలు?

1998లో హాంకాంగ్ వ్యాపారి ఒకాయన ఉక్రెయిన్ వెళ్లి, కట్టడం సగంలో ఆగిపోయిన ఒక సోవియట్ విమానవాహక నౌకను 2 కోట్ల డాలర్లకు కొన్నాడు. దాని పేరు వర్యాగ్. మకావుకు తీసుకెళ్లి నీటి మీద తేలే కాసినో చేస్తానని అందరికీ చెప్పాడు. టర్కీ వాళ్లు నమ్మారో లేదో గానీ, బాస్ఫరస్ జలసంధి దాటనివ్వకుండా ఏడాదికి పైగా ఆపేశారు. చివరికి టగ్ బోట్లు దాన్ని లాక్కుంటూ ఆఫ్రికా చుట్టూ తిప్పి, 2002లో చైనాలోని దాలియన్ రేవుకు చేర్చాయి. అందులో పేకాట బల్ల ఒక్కటీ పడలేదు. 2012 సెప్టెంబరులో అదే ఓడ లియావోనింగ్ అని పేరు మార్చుకుని చైనా మొట్టమొదటి విమానవాహక నౌకగా బయటికొచ్చింది.

2025 నవంబరులో మూడోది వచ్చింది, ఫుజియాన్. ఈసారి కాసినో కథలేమీ లేవు. షీ జిన్‌పింగ్ స్వయంగా హైనాన్ దీవిలోని సాన్యా రేవుకు వెళ్లి నౌకాదళానికి అప్పగించాడు, టీవీలన్నీ చూపించాయి. విద్యుదయస్కాంత శక్తితో విమానాన్ని గాల్లోకి విసిరే ఏర్పాటు అమెరికా వాళ్ల ఫోర్డ్ అనే విమానవాహక నౌక తర్వాత ఉన్నది ఈ ఓడకే.

పెద్దవాడితో పోటీకి దిగే చిన్నవాడికి ఉన్న రెండు దారులూ ఈ రెండు ఓడల్లోనే ఉన్నాయి. మొదటిది మావో తర్వాత చైనాను నడిపిన డెంగ్ షియావోపింగ్ దారి, చాప కింద నీరు. రెండోది షీ దారి, తొడగొట్టి బరిలోకి దిగడం. ఈ రెండింటిలో ఏది చైనాకు ఎక్కువ మేలు చేసిందో లెక్క చూద్దాం. ఎవరు మంచివాళ్లన్నది నేను ఎత్తుకోను. 1989లో విద్యార్థుల ఉద్యమాన్ని అణచడానికి బీజింగ్‌లోని తియానన్మెన్ చౌరస్తా మీదికి ట్యాంకులు వెళ్లింది డెంగ్ హయాంలోనేనని మరిచిపోకూడదు.

డెంగ్ మాట చైనీస్‌లో నాలుగే అక్షరాలు: తావో గ్వాంగ్ యాంగ్ హుయ్. నీ వెలుగు బయటికి కనపడనీయకు, చీకట్లో ఉండి బలం పెంచుకో అని అర్థం. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు గుట్టుగా సంసారం చేసుకోమని చెప్పే తీరు. 1978లో పగ్గాలు చేతికొచ్చాక ఆయన పెట్టుకున్న నాలుగు ఆధునికీకరణల్లో వ్యవసాయం, పరిశ్రమ, సైన్స్ ఉన్నాయి, రక్షణ కూడా ఉంది, కానీ డబ్బు దగ్గరికొచ్చేసరికి రక్షణది ఆఖరి వరస. 1985లో ఏకంగా 10 లక్షల మంది సైనికుల్ని తగ్గిస్తామని ప్రకటించాడు. అంతకుముందు 1979లో అమెరికా వెళ్లి, టెక్సస్‌లో కౌబాయ్ టోపీ పెట్టుకుని ఫొటోలు దిగాడు. ఒక కమ్యూనిస్టు నేత అలా టోపీ పెట్టుకుంటే భయపడేవాడెవడు?

ఆ టోపీ తీసిన కొద్ది వారాలకే వియత్నాం మీదికి సైన్యాన్ని పంపిన మనిషీ ఆయనే. ముందుగా అమెరికా అధ్యక్షుడు కార్టర్ చెవిన వేసి మరీ పంపాడు. అంటే డెంగ్ దారిని శాంతి దారి అనుకుంటే పొరపాటు. తనకంటే పెద్దవాడి కంట్లో నలుసు కాకుండా మిగతా పని చక్కబెట్టుకునే దారి అది.

ఆయన తర్వాతా రెండు దశాబ్దాలు అలాగే నడిచింది. ఈ దారికి దిగమింగుడు ఎక్కువ. 1996లో తైవాన్ పక్కన చైనా క్షిపణులు వదిలి బెదిరిస్తే, అమెరికా రెండు విమానవాహక నౌకల దండుల్ని పంపింది. చైనా ఏమీ చేయలేకపోయింది. 1999లో బెల్‌గ్రేడ్‌లోని చైనా రాయబార కార్యాలయం మీద అమెరికా బాంబులు పడి ముగ్గురు చైనీస్ పాత్రికేయులు చనిపోయారు. పటం తప్పు అని అమెరికా సర్దిచెప్పింది. 2001 ఏప్రిల్ 1న హైనాన్ దగ్గర అమెరికా గూఢచారి విమానం తగిలి ఒక చైనీస్ పైలట్ ప్రాణం పోయింది. ఆ విమానంలోని 24 మందినీ పదకొండు రోజులు ఉంచుకుని, ఒక ఉత్తరం రాయించుకుని పంపేశారు. అదే ఏడాది డిసెంబరు 11న చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యురాలైంది. ఆ ఎనిమిది నెలల్లో బీజింగ్ ఏం బేరం వేసుకుందో ఊహించడం కష్టం కాదు. పరువు ఒక పళ్లెంలో, అమెరికా మార్కెట్ ఇంకో పళ్లెంలో పెడితే మార్కెట్టే బరువు తూగింది.

ఫలితం అందరికీ తెలిసిందే. 2009కి ఎగుమతుల్లో ప్రపంచంలో మొదటి స్థానం. 2010లో జపాన్‌ను దాటి రెండో పెద్ద ఆర్థిక వ్యవస్థ.

సైన్యం విషయంలోనూ నోరు మూసుకోవడమంటే చేతులు ముడుచుకోవడం కాదు. 1996 అవమానం తర్వాత చైనా ఓడకు ఓడ కట్టే పోటీకి దిగలేదు. ఓడను ముంచే క్షిపణి మీద పడింది. సుమారు 1,500 కిలోమీటర్ల దూరం నుంచి కదిలే ఓడను కొట్టడానికి చేసిన డీఎఫ్-21డీ అలా పుట్టింది. ఫోర్డ్ తరగతి ఓడ ఒక్కటి కట్టడానికి అమెరికాకు 1,300 కోట్ల డాలర్లు అయింది. దాన్ని దూరంగా నిలబెట్టడానికి చైనాకు అందులో అతి చిన్న భాగం చాలు. తాడిని తన్నేవాడి తల తన్నడమంటే ఇదే.

ఇక షీ దారి. నిజానికి గొంతు మారడం ఆయనతో మొదలవలేదు. 2008లో అమెరికా బ్యాంకులు కుప్పకూలినప్పుడే బీజింగ్‌లో చాలామందికి ఇక దాచుకోవడం ఎందుకనిపించింది. 2010లో హనోయ్ సమావేశంలో విదేశాంగ మంత్రి యాంగ్ జియేచీ పొరుగు దేశాల ముఖం మీదే, చైనా పెద్ద దేశం, మిగతావి చిన్న దేశాలు, అది వాస్తవం అనేశాడు. షీ ఆ గొంతును విధానంగా మార్చాడు. 2013లో దేశదేశాల్లో రోడ్లు, రేవులు కట్టే బెల్ట్ అండ్ రోడ్, ఆ వెంటనే దక్షిణ చైనా సముద్రంలో ఏడు దిబ్బల మీద ఇసుక పోసి దీవులు, 2015లో ఆధునిక పరిశ్రమల్లో ముందుకు దూకే ప్రణాళిక మేడ్ ఇన్ చైనా 2025. ఆ దీవుల్లో సైన్యాన్ని దించే ఉద్దేశం లేదని 2015 సెప్టెంబరులో వైట్‌హౌస్ తోటలో నిలబడి చెప్పాడు. మూడేళ్లు తిరక్కుండానే వాటి మీద రన్‌వేలూ క్షిపణులూ ఉన్నాయి.

అంకెల్లో చూస్తే ఈ దారీ తక్కువేం సంపాదించలేదు. చైనా నౌకాదళంలో ఇప్పుడు 370కి పైగా ఓడలు, అమెరికాకు 300 లోపే. విమానవాహక నౌకల్లో మాత్రం అమెరికాకు 11, చైనాకు 3. చైనా అణు వార్‌హెడ్లు 600 దాటాయని పెంటగాన్ లెక్క. ప్రపంచంలో ఏటా కట్టే వాణిజ్య నౌకల టన్నుల్లో సగం, అంతకు మించి చైనా రేవుల్లోనే తయారవుతాయి, అమెరికా వాటా ఒక శాతానికి కూడా చేరదు. యుద్ధం నెలల తరబడి సాగితే మునిగిన ఓడ బదులు కొత్తది ఎవరు ముందు దించగలరో ఈ ఒక్క అంకె చెబుతుంది. ఖర్చులో మాత్రం స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్క ప్రకారం 2024లో అమెరికా 99,700 కోట్ల డాలర్లు పెడితే చైనా 31,400 కోట్లు పెట్టింది.

మరి పోగొట్టుకున్నదేమిటి? నన్నడిగితే అసలు తూకం ఇక్కడ ఉంది, అదీ అమెరికా వైపు కాదు, పొరుగువాళ్ల వైపు.

1992లో ఫిలిప్పీన్స్ అమెరికా సైన్యాన్ని సుబిక్ బే నుంచి పంపించేసింది. 2023లో అదే ఫిలిప్పీన్స్ పిలిచి మరీ ఇంకో నాలుగు స్థావరాలు వాడుకోమంది, వాటిలో మూడు తైవాన్ వైపున్న ఉత్తర లూజాన్‌లోవే. యుద్ధం తర్వాత సైన్యమంటేనే ముడుచుకున్న జపాన్ 2022 డిసెంబరులో రక్షణ ఖర్చును జీడీపీలో 2 శాతానికి పెంచాలని తీర్మానించింది. ఆస్ట్రేలియా 2020లో కొవిడ్ పుట్టుక మీద విచారణ అడిగిందని బార్లీ మీద, వైన్ మీద చైనా సుంకాలు బాదింది. 2021 సెప్టెంబరులో ఆస్ట్రేలియా అమెరికా, బ్రిటన్‌లతో ఆకస్ ఒప్పందం చేసుకుని అణు జలాంతర్గాములకు సిద్ధపడింది. వైన్ మీద సుంకాలు చైనా తర్వాత ఎత్తేసింది. జలాంతర్గాముల ఒప్పందం మాత్రం అలాగే ఉంది.

మన దగ్గరికొస్తే ఇది ఇంకా స్పష్టం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది అమరులయ్యారు. వాళ్లకు ముందుండి నడిపించిన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. అప్పటిదాకా మలబార్ నౌకా విన్యాసాలకు ఆస్ట్రేలియాను పిలిస్తే చైనాకు కోపమొస్తుందని ఢిల్లీ ఏళ్ల తరబడి వెనకాడింది. గల్వాన్ జరిగిన అయిదు నెలల్లోపే, 2020 నవంబరు మొదటి వారంలో, భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా ఓడలు నాలుగూ విశాఖపట్నం ఎదురుగా బంగాళాఖాతంలో కలిసి విన్యాసాలు చేశాయి. 2007 తర్వాత ఆస్ట్రేలియా రావడం అదే మొదలు. వాషింగ్టన్ పదమూడేళ్లు బతిమాలినా కుదరని పని బీజింగ్ ఒక్క రాత్రిలో చేసిపెట్టింది.

చరిత్రలో ఇలాంటి తప్పు చేసింది మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కైజర్ చక్రవర్తి ఏలిన జర్మనీ. బ్రిటన్‌ను బెదిరించాలని అడ్మిరల్ టిర్పిట్జ్ యుద్ధనౌకలు కట్టుకుంటూ పోతే, బ్రిటన్ పాత పగలు పక్కనపెట్టి 1904లో ఫ్రాన్స్‌తో, 1907లో రష్యాతో రాజీపడింది. అదే కాలంలో బ్రిటన్‌ను దాటిపోయిన అమెరికాకు ఆ బాధ రాలేదు. రెండు పక్కలా సముద్రాలు, పక్కింటివాళ్లు బలహీనులు. చైనాకు ఆ అదృష్టం లేదు. చుట్టూ పద్నాలుగు భూ సరిహద్దులు, ఎదురుగా దీవుల గొలుసు.

ఇంతవరకు చదివి నేను డెంగ్ పక్షమని తేల్చేసుకుంటే కాస్త ఆగాలి. షీ పక్షాన ఒక గట్టి వాదన ఉంది, దాని పేరు జపాన్. 1980లలో జపాన్ అమెరికాకు మిత్రదేశం, దాని గడ్డ మీద అమెరికా సైన్యం ఉంది, గొంతెత్తి మాట్లాడింది లేదు. అయినా 1985లో యెన్ విలువ పెంచి జపాన్ ఎగుమతుల్ని ఖరీదు చేసిన ప్లాజా ఒప్పందం, 1986లో సెమీకండక్టర్ల ఒప్పందం, 1987లో జపాన్ ఎలక్ట్రానిక్స్ మీద రీగన్ 100 శాతం సుంకం తప్పలేదు. అంటే ఒక పరిమాణం దాటాక ఎంత వినయంగా ఉన్నా పెద్దవాడు ఊరుకోడు. ఏనుగు చింతచెట్టు చాటున ఎంతకాలం దాక్కుంటుంది? 2019లో చైనా టెలికాం కంపెనీ హువావే మీద పడిన ఆంక్షలు, 2022 అక్టోబరులో చిప్‌ల మీద పెట్టిన కట్టడి షీ నోరు మూసుకుని ఉన్నా ఎప్పటికో వచ్చేవే. నేను ఇది ఒప్పుకుంటాను. కాకపోతే ఇంకో పదేళ్లు ఆలస్యంగా వచ్చేవి. చిప్‌ల తయారీలో పదేళ్లంటే సామాన్యం కాదు. నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్ఎంఎల్ చేసే అత్యాధునిక లిథోగ్రఫీ యంత్రాలు, అంటే చిప్‌ల మీద అతి సన్నని గీతలు ముద్రించే యంత్రాలు, కొని పెట్టుకోవడానికి ఆ పదేళ్లు సరిపోయేవి.

2025లో జరిగింది చూస్తే రెండు దారుల లెక్కా ఒకేచోట తేలుతుంది. ట్రంప్ సుంకాలు 145 శాతానికి పోతే చైనా 125 శాతంతో బదులిచ్చింది. దానితోపాటు ఏప్రిల్‌లో మోటార్లలో వాడే బలమైన అయస్కాంతాలకు కావలసిన ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. వాటిని శుద్ధి చేసే పనిలో 90 శాతం దాకా చైనా చేతిలోనే ఉంది. అయస్కాంతాలు అందక మే నెలలో ఫోర్డ్ కార్ల కంపెనీ షికాగో ఫ్యాక్టరీని వారం రోజులు ఆపుకుంది. మన ఎలక్ట్రిక్ స్కూటర్ల తయారీదారులకూ ఆ సెగ తగిలింది. అదే నెలలో జెనీవాలో రాజీ, అక్టోబరు 30న బుసాన్‌లో ట్రంప్, షీ కలిసి మరో రాజీ. అమెరికా సుంకాలకు ఎదురు నిలబడి వెనక్కి తగ్గించిన దేశం చైనా ఒక్కటే అనాలి. ఇది తొడగొట్టుడు గెలుపులాగే కనిపిస్తుంది.

ఆ ఆయుధం ఎప్పుడు తయారైందన్నదే నా ప్రశ్న. మధ్యప్రాచ్యంలో చమురుంటే చైనాలో రేర్ ఎర్త్‌లున్నాయని డెంగ్ 1992లో అన్నట్టు చెబుతారు. 1995లో జనరల్ మోటార్స్‌కు చెందిన మాగ్నెక్వెంచ్ అనే అయస్కాంతాల కంపెనీ చైనీస్ వాటాదారులున్న బృందం చేతికి పోయింది, అమెరికా ప్రభుత్వమే సరేనంది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని చైనా ధరలకు తట్టుకోలేక, కాలుష్యం గొడవలు తోడై, 2002లో ఆగిపోయింది. అప్పట్లో ఎవరూ అరవలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. షీ తీసిన కత్తి పదునైనదే, కానీ దాన్ని ముప్పై ఏళ్లు చప్పుడు కాకుండా నూరినవాళ్లు వేరు. ఇప్పుడు దాన్ని ఒరలోంచి తీసి చూపించాక అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్, మనమూ గనులు, శుద్ధి కర్మాగారాల వేటలో పడ్డాం. రెండోసారి అంత లోతుగా తెగదు.

డాలర్లలో కొలిస్తే చైనా ఆర్థిక వ్యవస్థ 2021లో అమెరికా ఆర్థిక వ్యవస్థలో నాలుగింట మూడు వంతులకు చేరింది. 2024కి మూడింట రెండు వంతుల కిందికి దిగింది. ఎవర్‌గ్రాండ్ లాంటి నిర్మాణ సంస్థల కుప్పకూలుడు, 2022 నుంచి తగ్గుతున్న జనాభా, డాలర్ బలం, అన్నీ కారణాలే. ఒక్క షీ గొంతు మీదికే నెట్టలేం. కానీ 2020లో అలీబాబా స్థాపకుడు జాక్ మాకు చెందిన యాంట్ కంపెనీ షేర్ల అమ్మకాన్ని రెండు రోజుల ముందు ఆపించిన చేయీ, గల్వాన్‌లో లేచిన చేయీ ఒకే పాలనవని పెట్టుబడిదారులు గమనించకపోరు.

కాబట్టి నా తీర్పు ఇలా ఉంటుంది. 2010 దాకా డెంగ్ దారికి సాటి లేదు. ఆ తర్వాత దాక్కోవడం కుదరదు గనక అమెరికా ఎదుట షీ గొంతెత్తడం తప్పు కాదు. మనీలా, టోక్యో, కాన్‌బెర్రా, ఢిల్లీల మీద ఒకేసారి చేయెత్తడం తప్పు. డెంగ్ కొట్టినప్పుడు ఒక్క వియత్నాంనే కొట్టాడు, మిగతా పొరుగువాళ్లందరి మీదా ఒకేసారి చేయెత్తలేదు.

ఇక మనం. మన జీడీపీ ఇప్పుడు 4 లక్షల కోట్ల డాలర్ల చుట్టూ ఉంది. చైనా ఆ మెట్టు మీద ఉన్నది 2008 ప్రాంతంలో, అప్పటికింకా తావో గ్వాంగ్ యాంగ్ హుయ్ అనే అంటోంది. మన టీవీ చర్చలు మాత్రం ఇప్పటికే షీ భాషలో నడుస్తున్నాయి. హైదరాబాద్ మందుల ఫ్యాక్టరీలకు వచ్చే ముడి రసాయనాల డ్రమ్ముల మీద ఇప్పటికీ చైనా పేరే ఎక్కువ. చైనా చవక ధరలకు తట్టుకోలేక మూతబడిన పెన్సిలిన్-జి తయారీని కాకినాడ దగ్గర మళ్లీ మొదలుపెట్టారు. దాని గురించి చర్చ పెట్టిన చానల్ నాకైతే ఇంతవరకు కనపడలేదు.