గుమ్మానికి పెట్టిన పిల్లల గేటు: పాకే వయసు నుంచి రెండేళ్ల దాకా వాడాక

ఈ గేటులో నాకు బాగా నచ్చింది ఒక్కటే, దాని గడియ. దాటి వెళ్లి చెయ్యి వదిలేస్తే చాలు, దానంతట అదే వెనక్కి వచ్చి ‘టక్’మని పడుతుంది. పెట్టిన డబ్బులు ఆ చప్పుడుకే పెట్టానని అనుకుంటాను. రంగు, ఎత్తు, బరువు అమ్మే చోట ఎలాగూ రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. పాప పాకడం మొదలెట్టినప్పుడు కొన్నాం, వచ్చే నెలలో దానికి రెండేళ్లు నిండుతాయి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంటి ముందు అరుగు, మూడు మెట్లు, తారు రోడ్డు, రోడ్డు దాటితే కాలువ. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆయన పుణ్యమా అని మా ఊరికి నీళ్లొచ్చాయి, ఆ నీళ్ల పుణ్యమా అని ఇప్పుడు నాకు టెన్షన్. మా వైపు గట్టుకి పిట్టగోడ లేదు. అంతకంటే భయపెట్టేది గుర్రపుడెక్క. అది పట్టిందంటే కాలువ కాలువలా కనిపించదు, పచ్చటి నేలలా ఉంటుంది. పెద్దవాళ్లకి తెలుసు, పాపకి తెలియదు కదా. నీళ్లలో మునిగిపోయే ముప్పు అన్ని వయసుల్లోకీ ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ వయసు పిల్లలు నీళ్లలో పడితే కేకలు వినిపిస్తాయనుకోకూడదు, చాలాసార్లు చప్పుడే ఉండదు. కాలువ దాకా కూడా అక్కర్లేదు, బకెట్టు అడుగున కాసిని నీళ్లున్నా ప్రమాదమే.

తలుపు మూసుకుంటే సరిపోతుంది కదా అంటారు. పగలు వీధి తలుపు మూసి ఉంటే ‘ఏవండీ, ఒంట్లో బాగోలేదా’ అని పలకరించే ఊరు మాది. పాలవాడు, కొబ్బరి దింపు మనుషులు, చేను నుంచి వచ్చేపోయే నాన్న, ఏదో ఒకటి అడిగి పట్టుకెళ్లడానికి వచ్చే పక్కింటివాళ్లు. ఇంతమంది తిరిగే గుమ్మంలో ‘వెళ్తూ వెళ్తూ వేసెళ్లండి’ అని ఎంతమందికి చెబుతాం? చెప్పినా ఒక్కరికీ గుర్తుండదు. మా ఆవిడ భీమవరంలో టీచర్, పొద్దున్నే బస్సెక్కేస్తుంది. నేను ఇంట్లోంచే పని చేస్తాను కానీ కాల్‌లో ఉన్నంతసేపూ ఇంట్లో ఉన్నా లేనట్టే లెక్క. పాప మా అమ్మ చేతిలో, అమ్మ మోకాళ్లు ఆ మోకాళ్ల డాక్టరు చేతిలో.

దానంతట అదే పడే గడియ విలువ ఇలాంటి ఇంట్లోనే తెలుస్తుంది. తియ్యాలంటే పైనున్న బటన్ నొక్కిపట్టి, అదే చేత్తో కాస్త పైకి ఎత్తాలి. పెద్దవాళ్లకి రెండు రోజుల్లో అలవాటైపోయింది. పాప బటన్ నొక్కగలదు, ఊపగలదు, రెండూ కలిపి మాత్రం ఇప్పటికీ చేతకాలేదు. కొన్నాళ్లకి ఇంటిల్లిపాదీ ఆ చప్పుడుకి ఎంత అలవాటు పడ్డామంటే, అమ్మ వంటింట్లో పోపు వేస్తూనే, ‘ఒరేయ్, ఎవరో వెళ్లారు, టక్‌మనలేదు చూడు’ అనేది. ఈ మధ్య ఆ డ్యూటీ పాపే తీసుకుంది. ఎవరైనా గేటు సరిగ్గా వెయ్యకపోతే నా కుర్చీ దగ్గరకొచ్చి ‘తక్ లేదు’ అని ఫిర్యాదు చేస్తుంది. తనని ఆపడానికి పెట్టిన గేటుకి తనే కాపలా కాస్తోంది.

అనుకోకుండా కలిసొచ్చింది ఇంకోటుంది. కోళ్లు, మేకలు, వీధికుక్క ఇంట్లోకి రావడం మానేశాయి. వడియాలు, మినప్పప్పు హాల్లో ఆరబోసుకోవచ్చని అమ్మ మొదటిసారి గేటుని మెచ్చుకుంది అప్పుడే. కోడిపిల్లలు మాత్రం కడ్డీల సందులోంచి దర్జాగా వచ్చేస్తాయి, తల్లికోడి బయట నిలబడి గోల చేస్తుంది, పాప చప్పట్లు కొడుతుంది. అన్నం తినిపించడం కూడా గేటు దగ్గరకే మారింది. రోడ్డు మీద కొబ్బరికాయల లారీలు, గట్టు మీద గేదెలు, కోతలైపోయాక చేలల్లోకి తోలుకెళ్లే బాతుల మందలు. ఒక్కో బాతుకి ఒక్కో ముద్ద. ఫోను చూపించకుండా బువ్వ తినే పిల్ల అని చుట్టాల్లో మాకు వచ్చిన మంచిపేరు నిజానికి ఈ గేటుదీ, ఆ బాతులదీ.

ఇక గడప సంగతి. ఈ గేట్లు గడపలు లేని ఇళ్లకోసం తయారుచేసినవి. వీటికి అడుగున అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, తలుపు తెరిచినా అది అక్కడే ఉంటుంది. మా పాత పెంకుటింటి గడపే ఎత్తు, దానిమీద ఈ కడ్డీ ఇంకో రెండు వేళ్ల ఎత్తు. మామూలుగా నడిచేవాళ్లకే కాలు తగులుతుంటే అమ్మ మాత్రం ఏం చేస్తుంది, గోడ పట్టుకుని కాలెత్తి దాటడం మొదలెట్టింది. పైగా శుక్రవారం గడపకి పసుపు రాసి బొట్లు పెట్టాలి, మధ్యలో ఇదేంటని రెండు వారాలు సణిగింది. మూడో వారానికి కడ్డీకి కూడా పసుపు రాసి బొట్లు పెట్టేసింది. తెల్ల గేటుకి కింద పచ్చటి అంచు వచ్చింది, ఎంత తుడిచినా పోదు. కొత్తదానిలా ఉంచుకుని తర్వాత అమ్మేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

గడియని ఇంత పొగిడాను కాబట్టి దాని పరిమితి కూడా చెప్పాలి. గేటుని సగం తెరిచి వదిలితేనే వెనక్కొస్తుంది. బార్లా తెరిస్తే, అంటే తొంభై డిగ్రీలు దాటితే, తెరిచినట్టే నిలబడిపోతుంది. సామాన్లు మోసుకెళ్లేటప్పుడు పనికొస్తుందని కంపెనీవాళ్లే అలా పెట్టారు. రోజూ ఉండే మాకు ఇబ్బంది లేదు. సంక్రాంతికి అత్తలు, బాబాయిలు, వాళ్ల పిల్లలు దిగారు, ఇక చూడాలి. గోదావరి జిల్లాల్లో పండక్కి వచ్చిన చుట్టం తలుపు సగం తెరుచుకుని ఒదిగి వెళ్తాడా? ఆ నాలుగు రోజులూ గేటు ఉన్నా లేనట్టే. కోడిపందేలు చూడ్డానికి కూడా పోకుండా గుమ్మంలో కుర్చీ వేసుకుని నేనే కూర్చున్నాను. జనం ఎక్కువగా ఉన్న రోజే పిల్లలకి ప్రమాదం ఎక్కువ, సరిగ్గా ఆ రోజునే ఈ గడియ పనిచెయ్యదు.

అసలు దెబ్బ మే నెలలో తగిలింది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలైపోయి కాలువలకి నీళ్లు కట్టేసిన రోజులు. కాలువలో బురద, అక్కడక్కడా మడుగులు తప్ప నీళ్లు లేవు. మధ్యాహ్నం కరెంటు పోయింది, అమ్మ హాల్లో చాప మీద విసనకర్రతో విసురుకుంటోంది, నేను పక్క గదిలో ఫోన్‌లో మీటింగులో ఉన్నాను. పాప గేటు పట్టుకుని ఊపుతోంది, అది దానికి రోజూ ఉండే ఆటే. కింది కడ్డీ మీదెక్కి, పైది పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంది. గడప మీద నిలబడకూడదే అని అమ్మ అరుస్తూనే ఉంటుంది, అది ఊగుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి ‘దబ్’మని చప్పుడు. పరిగెత్తి చూస్తే గేటు మొత్తం, చట్రంతో సహా, అరుగు మీద బోర్లా పడి ఉంది. దానిమీద పాప బోర్లా ఉంది. ఒక్క క్షణం ఏడుపు లేదు, ఆ క్షణమే నాకు ఎక్కువ భయమేసింది. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. కింది పెదవి చిట్లింది, నుదుటి మీద బొప్పి. చక్కెర పెట్టి ఎత్తుకుని తిప్పితే కాసేపటికి ఊరుకుంది. ఇంకో అడుగు ముందుకి పడితే మెట్లు.

ఈ రకం గేట్లకి మేకులు, చిల్లులు ఉండవు. నాలుగు మూలలా మర బోల్టులుంటాయి, వాటి చివర రబ్బరు బిళ్లలు. బోల్టుల్ని బిగిస్తే అవి రెండు వైపులా ద్వారబంధాన్ని ఒత్తుకుని నిలబడతాయి. గోడ గట్టిదైతే ఫర్వాలేదు. మాది తాతల నాటి చెక్క ద్వారబంధం. మర్నాడు వడ్రంగి వచ్చి చూసి నవ్వాడు. ‘ఎండాకాలం చెక్క లాక్కుంటుందండి, వానలు పడితే ఉబ్బుద్ది. రెండిటి మధ్య దీన్ని ఊరికే ఆనించి పెడితే ఎన్నాళ్లు ఆగుద్దండీ? దానికితోడు మీ బుజ్జమ్మగారు ఉయ్యాల ఊగుతున్నారాయె’ అన్నాడు. నూనె రంగు వేసిన చెక్క మీద రబ్బరు జారిన గీతలు కూడా చూపించాడు. అడపాదడపా బోల్టులు బిగిస్తూనే ఉన్నాం, అది గేటుతో ఇచ్చిన పుస్తకంలో రాసిందే. కానీ మే నెల వడగాడ్పుకి ఆ బిగింపు చాల్లేదు.

నా కోపమంతా దీని తర్వాత జరిగిన దానిమీద. రబ్బరు బిళ్లలు జారకుండా గోడకి బిగించే చిన్న ప్లాస్టిక్ గిన్నెలు నాలుగు డబ్బాలో ఇచ్చారు, వాటికి స్క్రూలు ఇవ్వలేదు. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, ‘సార్, గోడని బట్టి స్క్రూ మారుతుంది, అందుకే ఇవ్వం’ అంది. మారితే మారుతుంది, ఆ ముక్క డబ్బా మీద పెద్దక్షరాలతో రాయొచ్చు కదా? చిల్లులు అక్కర్లేదు, పది నిమిషాల్లో బిగించుకోవచ్చని మాత్రం పెద్దక్షరాల్లోనే రాశారు. పిల్లల సామాను అమ్మేవాళ్లు పది రూపాయల స్క్రూల దగ్గర పిసినారితనం చూపిస్తే నాకు ఒళ్లు మండింది. ఇలా ఒత్తిడి మీద నిలబడే గేట్లు మెట్ల పైన పెట్టకూడదన్న హెచ్చరిక కూడా పుస్తకంలో ఆఖరి పేజీలో ఉంది. మా గేటుకీ మెట్లకీ మధ్య అరుగు ఉంది కాబట్టి సరిపోయింది. గుమ్మం దిగగానే మెట్లుండే ఇళ్లు ఎన్ని లేవు?

వడ్రంగి పాలకొల్లులో హార్డ్‌వేర్ కొట్టు నుంచి తుప్పు పట్టని స్క్రూలు తెచ్చి ఆ గిన్నెల్ని చెక్కకి బిగించాడు. అంతకుముందు ‘సింహద్వారానికి చిల్లులేంట్రా’ అని ఒప్పుకోని అమ్మ, పాప పెదవి చూశాక ఆ మాటే ఎత్తలేదు. జూన్‌లో కాలువకి నీళ్లు వదిలే నాటికి గేటు కదలకుండా కూర్చుంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా, వానలన్నీ గడిచినా, జారలేదు. చెక్క ఉబ్బడంతో శ్రావణంలో గడియ కాస్త బిరుసెక్కి ‘టక్’ బదులు ‘టుక్’మని సగంలో ఆగేది. పై బోల్టు ఒక చుట్టు వదులు చేస్తే దారికొచ్చింది.

పెరటి గుమ్మానికి గేటు పెట్టలేదు. అటు నీళ్ల గాబు ఉంది. దానికి చెక్క మూత చేయించి, పెరటి తలుపు పైగడియ వేస్తున్నాం. అక్కడ ఎప్పుడూ తిరిగేది మేమే కాబట్టి నడుస్తోంది. ఇంకో గేటు కొందామా అంటే, ఒకదాని అనుభవం చాలని మా ఆవిడ అంది.

ఇప్పుడు కొత్త సమస్య. ఈ మధ్య పాప పీట లాక్కొచ్చి గేటు పక్కన వేసి, దానిమీదెక్కి కాలు పైకి వేయడం నేర్చింది. ఇంకా దాటలేదు, దాటే రోజు దగ్గర్లోనే ఉంది. ఇలాంటి గేట్లకి యూరప్‌లో పెట్టిన ప్రమాణం కూడా ఇరవై నాలుగు నెలల లోపు పిల్లలకే. అంటే వస్తువు చెడిపోలేదు, దాని కాలం అయిపోయింది. అందుకే ఇప్పుడు అరుగు అంచుకి, మెట్ల దగ్గర, నడుమెత్తు దాటే ఇనప గేటు చేయించమని వెల్డింగ్ షాపులో చెప్పాం. అడ్డకడ్డీలు పెట్టొద్దని, నిలువువే పెట్టమని, లేకపోతే నిచ్చెనలా ఎక్కేస్తుందని అమ్మే దగ్గరుండి చెప్పింది. దానంతట అదే పడే గడియ పెట్టగలవా అని అడిగితే వెల్డరు స్ప్రింగు పెడతానన్నాడు, చూడాలి.

కొనొచ్చా అని అడిగితే, కొనే రోజుల్లో అందరికీ కళ్లు మూసుకుని కొనమని చెప్పాను, ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. అపార్ట్‌మెంట్లో సిమెంటు గోడల మధ్య, వంటింటికో బాల్కనీకో అడ్డం పెట్టేవాళ్లకి బాగానే పనికొస్తుంది. గడపలున్న పాత ఇళ్లవాళ్లు వడ్రంగి కూలీ కూడా ధరలో కలుపుకోండి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ముందు వాళ్లని అడగండి. మా ఇంట్లో పగలంతా ముగ్గురు పెద్దవాళ్లం ఉంటాం, గేటు నాలుగో మనిషి అంతే. ఒక్క మనిషి పిల్లని చూసుకుంటూ దీన్ని నమ్ముకుందామనుకుంటే నా అనుభవం వాళ్లకి పనికిరాదు. తణుకులో మా చెల్లికి ఎనిమిదో నెల పిల్లాడున్నాడు, అపార్ట్‌మెంటు, గడప లేదు, ఇనప గేటు రాగానే ఇది వాళ్లకే. పసుపు మరకతో సహా తీసుకుంటానంది. స్క్రూలు మాత్రం నేనే కొని ఇస్తున్నాను.