లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్: మా అత్తగారి నేతగాళ్ళను వెతికిపెట్టిన సైట్

మాది పోచంపల్లి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నాన్నను, ఆసు పోసీ పోసీ చెయ్యి నొప్పితో రాత్రిళ్ళు నిద్రపట్టని అమ్మను చూస్తూ పెరిగాను. పెళ్ళయ్యాక వచ్చిపడింది ఇంగ్లండులో, లాంకషైర్ కౌంటీలోని బర్న్‌లీలో. ఇదీ నేత ఊరే. మా అత్తగారికి 79 ఏళ్ళు. ‘మాది మిల్లు కుటుంబం’ అంటారు గానీ, వాళ్ళ అమ్మమ్మను దాటి ఒక్క పేరు చెప్పలేరు. మా పద్మశాలీలకైతే కూనపులి వాళ్ళు వచ్చి, పటం కట్టి, మా మూలపురుషుడు భావనా రుషి దగ్గర్నుంచి కథ చెప్తారు. ఇక్కడి నేతవాళ్ళకు అలా చెప్పేవాళ్ళు లేరు. చర్చి రిజిస్టర్లు, సెన్సస్ కాగితాలు, అంతే.

మొదట డబ్బు కట్టే సైట్ ఒకదాంట్లో చేరాం. ఎవరో అల్లిపెట్టిన వంశవృక్షం ఒకటి తయారుగా కనిపించింది. మా అత్తగారి వంశాన్ని తీసుకెళ్ళి యార్క్‌షైర్ భూస్వామికి కట్టేశారు. పుట్టుకతో నేతపని చేసినవాడి బాప్టిజంలో తండ్రి వృత్తి ‘జెంటిల్మన్’ అని ఉంటే ఎవరైనా ఆగి చూడాలి కదా! పేరు కలిసింది, మనిషి కలవలేదు. రెండు నెలలు కట్టి మానేశాం.

అప్పుడు దొరికింది లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్. పైసా కట్టక్కర్లేదు. వాలంటీర్లు పాత రిజిస్టర్లు చదివి, ఒక్కో నమోదునూ టైపు చేసి పెట్టారు. ఇంటిపేరు, ఏళ్ళు, చర్చి ఇచ్చి వెతికితే బాప్టిజం, పెళ్ళి, ఖననం విడివిడిగా వస్తాయి. ఏ చర్చివి ఏ సంవత్సరం దాకా పూర్తయ్యాయో ముందే చూసుకోవచ్చు. అది చూడకుండా ‘మావాళ్ళు లేరు’ అనుకోవద్దు, ఆ పుస్తకం ఇంకా ఎక్కి ఉండకపోవచ్చు.

నాకు అన్నిటికంటే విలువైనవి రెండు గడులు: నివాసం, వృత్తి. 1813 జనవరి నుంచి ఇంగ్లండు చర్చిలన్నిటికీ అచ్చు వేసిన ఫారాలు వచ్చాయి. బాప్టిజం ఫారంలో తండ్రి పనేమిటో, ఎక్కడ ఉంటున్నాడో రాయాల్సిందే. బర్న్‌లీ సెయింట్ పీటర్స్‌లో ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు తండ్రులుంటే, హబర్‌గమ్ ఈవ్స్‌లో ఉండే వీవర్ ఎవరో, పక్క ఊరి కూలీ ఎవరో విడదీసింది ఈ గడులే. అంతకుముందు రిజిస్టర్లలో చాలాచోట్ల పిల్లాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ ఉంటే గొప్ప.

సెన్సస్‌కు వేరే చోటికి వెళ్ళాలి. 1881ది ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, ఖాతా తెరిస్తే చాలు. ఆ ఏప్రిల్ 3 రాత్రి మా అత్తగారి వాళ్ళింట్లో ఎవరెవరున్నారో నేనే చదివి వినిపించాను. తండ్రి ట్విస్టర్. తల్లీ పెద్దకూతురూ వీవర్లు. రెండో పిల్ల వైండర్. 11 ఏళ్ళ పిల్లాడు హాఫ్ టైమర్, అంటే సగం పూట మిల్లు, సగం పూట బడి. చివరి వరుసలో ఏడు నెలల పసిపాప. ఆ పాపే మా అత్తగారిని ఎత్తుకుని పెంచిన అమ్మమ్మ.

‘ట్విస్టర్ అంటే ఏమిటి?’ అని మా ఆయన అడిగాడు. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, అయినా తెలీదు. నాకు తెలుసు. మగ్గం మీద అయిపోవచ్చిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ కలిపి మెలిపెట్టేవాడు. మన అచ్చు అతికే పని. వైండర్ అంటే కండెలకు నూలు చుట్టే పిల్ల. టేప్ సైజర్ కనిపిస్తే పడుగుకు గంజి పెట్టేవాడు. ఆ పేజీ నాకు మా వాడకట్టులా కనిపించింది. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఒక తలనొప్పి చెప్తాను, మీకు పనికొస్తుంది. ఆ ట్విస్టర్ వాళ్ళ నాన్న వయసు 1841 సెన్సస్‌లో 35. దాని ప్రకారం 1804 నుంచి 1808 దాకా బాప్టిజాలు జల్లెడ పట్టాను, మనిషి లేడు. 1851లో చూస్తే 48! పదేళ్ళలో పదమూడేళ్ళు ఎలా పెరిగాడు? 1841లో 15 దాటినవాళ్ళ వయసును కింది ఐదుకు తగ్గించి రాయమని లెక్కలు రాసేవాళ్ళకు చెప్పారట. 38 కాస్తా 35 అయింది. 1803 ఫిబ్రవరిలో దొరికాడు. పైగా 1841లో పుట్టిన ఊరు రాయలేదు, ఈ కౌంటీలోనే పుట్టారా లేదా అన్నంతే. కాబట్టి 1851తో మొదలుపెట్టి వెనక్కి రండి.

ఇంటిపేరు ‘హ’తో మొదలైతే ‘హ’ లేకుండా కూడా వెతకండి. ఇక్కడివాళ్ళ మాటలో ‘హ’ పలకదు, గుమస్తా విన్నది రాశాడు. ఫ్రీరెగ్ అనే మరో ఉచిత సైట్‌లో ఒకేలా వినిపించే పేర్లను కలిపి వెతికే సౌండెక్స్ ఉంది గానీ, అది మొదటి అక్షరాన్ని మార్చదు. రెండుసార్లు వెతకాల్సిందే. 1837 జులై తర్వాత పుట్టినవాళ్ళకైతే జనన మరణాలు నమోదు చేసే ప్రభుత్వ జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత సూచిక చూడండి. అందులో మొదటినుంచీ తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. అవే నమోదుల సూచిక ఉన్న ఫ్రీబీఎండీ అనే ఉచిత సైట్‌లో అది 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచే.

ఖననాల జాబితా మాత్రం మీకు తీరిక, ధైర్యం ఉన్న రోజు తెరవండి. ట్విస్టర్‌కు 1863లో పోయిన 14 నెలల బిడ్డ ఒకరున్నారని మాకు అక్కడే తెలిసింది. అవి అమెరికా పత్తి రాక లాంకషైర్ మిల్లులు ఆగిపోయిన ఏళ్ళు. మన దేశం నుంచి వచ్చిన సూరత్ పత్తి పొట్టి పీచుది, పోగు తెగిపోతుందని ఇక్కడివాళ్ళు ఏడ్చేవారట. బిడ్డ ఎందుకు పోయిందో రిజిస్టర్ చెప్పదు. వయసు, వీధి, తేదీ చెప్తుంది.

ఈ సైట్‌లో ఉన్నది టైపు చేసిన మాటే, పేజీ ఫొటో కాదు. కానీ ప్రతి నమోదు కిందా రిజిస్టర్, పేజీ, నమోదు సంఖ్య ఇస్తారు. ఆ చీటీ రాసుకుని ప్రెస్టన్‌లోని లాంకషైర్ ఆర్కైవ్స్‌కు వెళ్ళాం. ట్విస్టర్ అమ్మానాన్నలది, 1826 పెళ్ళి. 1754 నుంచి పెళ్ళి నమోదులో వధూవరులు సంతకమో గుర్తో పెట్టాలి. ఇద్దరివీ ఇంటూ గుర్తులే. ఆమె గీసిన గీత ఒకటి పొడుగ్గా జారిపోయింది. మా తాత దస్తావేజు మీద వేసిన వేలిముద్ర, పక్కన గుమస్తా రాసిన ‘నిశాని’ గుర్తొచ్చాయి నాకు.

ఆ పెళ్ళికూతురి బాప్టిజం మాత్రం ఇంకా దొరకలేదు. సెయింట్ పీటర్స్‌లో లేదు, చుట్టుపక్కల చర్చిల్లోనూ లేదు. మెథడిస్టులో బాప్టిస్టులో అయుంటారని మా అత్తగారి అనుమానం. ఆ చాపెళ్ళ పాత పుస్తకాలు చాలావరకు 1837 తర్వాత ప్రభుత్వానికి అప్పజెప్పారు, ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జి 4 వరుసలో ఉన్నాయి. వచ్చే ఆదివారం ఆ వరుస పట్టుకుంటాం. అత్తగారు అప్పుడే కొత్త నోటుపుస్తకం కొనుక్కొచ్చారు.