ఆవ్రో 748: ఏళ్ల తరబడి దాని ఇంజన్ చూసినవాడి సమీక్ష

ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా నా సర్వీసులో ఎక్కువ భాగం ఆవ్రో 748 అనే రెండు ఇంజన్ల రవాణా విమానం దగ్గరే గడిచింది. మధ్యలో కొంతకాలం ఆంటనోవ్-32 అనే ఇంకో రవాణా విమానం మీద కూడా చేశాను కాబట్టి పోల్చి చెప్పగలను. సామాను మొయ్యడానికి ఆవ్రో అంతంతమాత్రం. మనుషుల్ని తీసుకెళ్లడానికి, కొత్త పైలట్లకు నేర్పడానికి చాలా మంచిది. బాగుచేసే మనిషికి మాత్రం అంతకన్నా మంచి విమానం నేను చూడలేదు.

దీని మొదటి నమూనా ఇంగ్లండ్‌లోని వుడ్‌ఫర్డ్‌లో 1960 జూన్ 24న ఎగిరింది. పాతబడుతున్న డకోటా రవాణా విమానాల స్థానంలో దీన్నే కాన్పూర్‌లో తయారుచేయాలని మనవాళ్లు అప్పటికే నిశ్చయించుకున్నారు. ఆ పని భుజాన వేసుకున్నది ఎయిర్ వైస్ మార్షల్ హర్జిందర్ సింగ్. అక్కడ బిగించిన మొదటి విమానం 1961 నవంబర్ 1న గాల్లోకి లేచింది. మన వాయుసేనకు మొదటి భారతీయ అధిపతి ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ జ్ఞాపకార్థం దానికి ‘సుబ్రతో’ అని పేరు పెట్టారు. మొత్తం 89 కాన్పూర్‌లో తయారయ్యాయి. 72 మన దళానికి, 17 ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి.

ఇక డార్ట్ ఇంజన్. రోల్స్ రాయిస్ వాళ్లది, గాలిని నొక్కడానికి రెండు దశల సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్, చుట్టూ ఇంధనం మండే ఏడు కంబషన్ చాంబర్లు. 15,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే గేర్‌బాక్స్ దాన్ని తగ్గించి ప్రొపెల్లర్‌ను దాదాపు 1,400 దగ్గర తిప్పుతుంది. దాని కీచుమనే అరుపు హ్యాంగర్ అవతలికీ వినబడుతుంది. చెవులకు మఫ్స్ లేకుండా రన్-అప్ దగ్గర, అంటే నేల మీద ఇంజన్ నడిపి చూసేచోట, నిలబడలేం. అంత అరిచినా మొండి ఇంజన్, నమ్మకమైనది. మే నెల ఎండలో గాలి పల్చబడి పవర్ తగ్గితే, టేకాఫ్‌లో నీళ్లూ మెథనాలూ కలిపిన మిశ్రమం పంపి తగ్గినదాన్ని తిరిగి రాబడతారు. బయటి వేడిని బట్టి పైలట్ ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజన్‌కి వెళ్లే ఇంధనం సర్దుబాటు) కూడా సరిచూసుకోవాలి. ఆ ట్రిమ్ విషయంలో అశ్రద్ధ చేస్తే టర్బైన్ ఉష్ణోగ్రత హద్దు దాటుతుంది, భారం మా మీద పడుతుంది. అందుకే విమానం రికార్డు పుస్తకమైన ఫారం 700లో పైలట్ రాసిన ప్రతి మాటా శ్రద్ధగా చదివేవాళ్లం.

దిగాక ప్రొపెల్లర్ బ్లేడ్లు గ్రౌండ్ ఫైన్ పిచ్‌లోకి, అంటే దాదాపు చదునైన కోణంలోకి, వెళ్లి గాలికి అడ్డుపడతాయి, విమానం నెమ్మదిస్తుంది. కంట్రోళ్లకు హైడ్రాలిక్ సాయం లేదు, అంతా పైలట్ చేతిబలమే. శిక్షణకు ఇది వరం అంటాను. యలహంకలో ఎన్నో బ్యాచ్‌ల ట్రాన్స్‌పోర్ట్ పైలట్లు దీని మీదే చెయ్యి తిప్పుకున్నారు. ప్రధాన చక్రాలు ముందుకు ముడుచుకుంటాయి. కాబట్టి హైడ్రాలిక్స్ పోయినా లాక్ విప్పితే బరువుతో కిందికి దిగుతాయి, ఎదురుగాలే వాటిని వెనక్కి నెట్టి నిలబెడుతుంది. ఆలోచించి గీసిన డిజైన్.

నాకు అన్నిటికన్నా నచ్చింది చేతికి అందడం. ఆంటనోవ్-32 ఇంజన్లు ఎత్తున ఉన్న రెక్క మీద ఇంకా ఎత్తున ఉంటాయి. చిన్న పనికీ పెద్ద స్టాండ్ కావాలి. ఆవ్రోకి రెక్కే కిందుగా ఉంటుంది. కౌలింగ్ (ఇంజన్ మూత) తెరిస్తే పంపులు, పైపులు, ఫిల్టర్లు కళ్లెదుటే. రాత్రి టార్చి వెలుతురులో కూడా పని సాగేది.

లోపం సామాను దగ్గరే. వెనక ర్యాంప్ (కిందికి దిగే వాలు తలుపు) లేదు, జీపు నేరుగా ఎక్కించలేం. చివరి రకమైన 2ఎమ్‌కి పక్కన పెద్ద కార్గో తలుపు పెట్టారు కానీ, ఫ్లోర్ ఎత్తు ఎత్తే కదా, జవాన్ల నడుములు పడిపోయేవి. బ్రిటిష్ వాయుసేన కోసం ఇదే విమానాన్ని ఆండోవర్‌గా మార్చినప్పుడు తోక కింద ర్యాంప్ పెట్టి, చక్రాల కాళ్లు వంగేలా చేశారు. అవి 31 తయారయ్యాయి. మనకూ అదే దారి పట్టి ఉంటే ఆవ్రో బతుకు వేరుగా ఉండేదని నా గట్టి అభిప్రాయం.

రెండో బాధ విడిభాగాలు. డార్ట్ తయారీ 1987తో ఆగిపోయింది. ఆ తర్వాత ఒకదాన్ని ఎగిరించడానికి నేల మీదున్న ఇంకోదాన్ని విప్పాల్సి వచ్చేది. మనసొప్పేది కాదు.

దీని స్థానంలోకి సి-295 రవాణా విమానాలు వస్తున్నాయి. 2021లో 56కి ఒప్పందం జరిగింది, వాటిలో 40 వడోదరలో తయారవ్వాలి. వెనక ర్యాంప్ ఉంది, సంతోషం. దాని మీద పనిచేస్తున్న కుర్రాళ్లు కనబడితే మాత్రం నేను మొదట అడిగేది ర్యాంప్ గురించి కాదు, ఇంజన్ మార్చడానికి ఎంతసేపు పడుతోందనే.