ఇంట్లో లినక్స్ టీవీ రికార్డర్: ఫ్రీ డిష్ ట్యూనరా, కేబుల్ బాక్స్ క్యాప్చరా – ఏది మేలు?

లినక్స్‌తో ఇంట్లోనే టీవీ రికార్డర్ కట్టుకోవాలనుకునేవాళ్ళు చాలామంది రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) కొనాలా, అటక మీది పాత డెస్క్‌టాప్ దింపాలా అన్న దగ్గరే వారాలు గడుపుతారు. అది తర్వాత తేలే సంగతి. ముందు తేలాల్సింది సిగ్నల్ ఎక్కడిది అని. రికార్డు చేయాల్సింది డీడీ యాదగిరిలో మేడారం జాతర లైవో, డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచో అయితే లెక్క ఒకటి. అమ్మకు రాత్రి ఏడున్నర సీరియల్ కావాలంటే లెక్క పూర్తిగా వేరు.

కేబుల్ వైరునే తెచ్చి కంప్యూటర్‌లోని ట్యూనర్ కార్డుకు పెడితే సరిపోదా? సరిపోదు. 2011 చట్ట సవరణతో కేబుల్ అంతా డిజిటల్ అయింది, ఛానెళ్ళకు తాళం పడింది. ఆ తాళం తీసే చెవి ఆపరేటర్ ఇచ్చిన బాక్సులోనే ఉంటుంది. ట్యూనర్ కార్డుకు ఛానెల్ పేర్లు కనిపిస్తాయి, బొమ్మ మాత్రం రాదు. డబ్బు కట్టి చూసే డీటీహెచ్‌లదీ ఇదే కథ. కాబట్టి ఆచరణలో మిగిలేవి రెండే దారులు. తాళం లేని ఫ్రీ డిష్‌ను (నెలవారీ బిల్లు లేని దూరదర్శన్ డీటీహెచ్‌ను) ట్యూనర్‌తో నేరుగా పట్టుకోవడం ఒకటి, కేబుల్ బాక్సు బయటికిచ్చే బొమ్మను క్యాప్చర్ చేయడం రెండోది.

ఫ్రీ డిష్ ట్యూనర్

ఫ్రీ డిష్ జీశాట్-15 నుంచి, 93.5 డిగ్రీల తూర్పు నుంచి వస్తుంది. ఉపగ్రహం పంపిన డేటా అలాగే డిస్కులో పడుతుంది. మళ్ళీ ఎన్‌కోడ్ చేసే పని లేదు కాబట్టి ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది, క్వాలిటీ చుక్క కూడా తగ్గదు. మామూలు ఎస్‌డీ (హెచ్‌డీ కాని) ఛానెల్ సెకనుకు 3 మెగాబిట్ల లెక్కన గంటకు 1.35 జీబీ తింటుంది. 1 టీబీ డిస్కులో ఏడు వందల గంటలు పడతాయి.

ఇందులో అసలు లాభం చాలామందికి తెలియదు. ఒక ట్యూనర్ ఒక ఛానెల్‌ను కాదు, ఒక ట్రాన్స్‌పాండర్‌ను (కొన్ని ఛానెళ్ళను ఒకే కట్టగా పంపే ఉపగ్రహ ప్రసారిణిని) మొత్తం పట్టుకుంటుంది. 29500 సింబల్ రేటు (సిగ్నల్ వేగం), 3/4 ఎఫ్‌ఈసీ (తప్పులు దిద్దుకోవడానికి కలిపే అదనపు డేటా లెక్క) ఉన్న డీవీబీ-ఎస్ (ఉపగ్రహ టీవీ పద్ధతి) ట్రాన్స్‌పాండర్ అంటే సెకనుకు దాదాపు 40 మెగాబిట్లు. అందులో ఉన్న ఛానెళ్ళన్నీ ఒకే ట్యూనర్‌తో ఒకేసారి రికార్డు చేయవచ్చు. కావాల్సిన రెండు ఛానెళ్ళు వేర్వేరు ట్రాన్స్‌పాండర్లలో ఉంటేనే రెండో ట్యూనర్ అవసరం.

వరంగల్, హనుమకొండల నుంచి డిష్ ముఖం ఆగ్నేయానికి, అంటే ఉత్తరం నుంచి 141 డిగ్రీలకు చూడాలి. ఉపగ్రహం ఎత్తు 63 డిగ్రీల పైచిలుకు. ఈ అంకె చూసి డిష్‌ను ఆకాశానికి తిప్పేయకండి. మన ఇళ్ళ మీదుండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు, వాటి వంపులోనే ఇరవై నాలుగు డిగ్రీల దాకా కలిసి ఉంటుంది. పళ్ళెం నిలువు నుంచి వెనక్కి నలభై డిగ్రీలు వాలితే చాలు. ఎల్‌ఎన్‌బీని (డిష్ ముందు సిగ్నల్ అందుకునే ముక్కను) కూడా దాని పట్టీలో 36 డిగ్రీల దాకా తిప్పాలి. ఎటువైపు తిప్పాలో క్వాలిటీ అంకె చూసుకుంటూ పట్టుకోవడమే తేలిక. స్ట్రెంగ్త్ చూసి మోసపోవద్దు, ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు అది ఎంతోకొంత చూపిస్తుంది.

60 సెంటీమీటర్ల డిష్‌కు ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగితే సిగ్నల్ సగమవుతుంది. ఉత్తర తెలంగాణలో దాన్ని జరిపేది గాలికన్నా కోతులే. డిష్ కాలు పిట్టగోడకు కాకుండా శ్లాబుకు బిగించి, ఆర్‌జీ6 వైరును (డిష్ కేబుల్‌ను) పీవీసీ పైపులోంచి తెస్తే వాటికి పట్టు దొరకదు. వానాకాలంలో కేయూ బ్యాండ్ (డీటీహెచ్ వాడే తరంగాల శ్రేణి) తడబడుతుంది. 90 సెంటీమీటర్ల డిష్ పెడితే మూడున్నర డెసిబెల్ ఎక్కువ దొరుకుతుంది కాబట్టి మామూలు వానకు ఆగదు. కుండపోతకు మాత్రం అదీ ఆగుతుంది.

ఇంట్లో ఇప్పటికే ఫ్రీ డిష్ బాక్సు ఉంటే వైరును స్ప్లిటర్‌తో రెండు చేయాలని చేతులు దురద పెడతాయి. ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు వెళ్తే నిలువు పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ), 18 వెళ్తే అడ్డం. బాక్సు 13, ట్యూనర్ 18 పంపితే గెలిచేది 18. అప్పుడు టీవీలో బొమ్మ పోతుంది, కారణం ఎవరికీ అర్థం కాదు. రెండు అవుట్‌పుట్‌లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ మార్చి, రెండో వైరు లాగడమే దీనికి మందు.

ట్యూనర్ ఎంపికలో ఒక్క మాట గుర్తుంచుకోవాలి: డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లోనే (లినక్స్ గుండెకాయ లాంటి ప్రధాన ప్రోగ్రాములోనే) ఉండాలి. తయారీదారు సైటు నుంచి విడిగా దించి కంపైల్ చేసుకునే డ్రైవర్లు కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ చచ్చిపోతాయి. యూఎస్‌బీలో డీవీబీస్కై ఎస్960 లాంటిదానికి కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది. ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రాము) ఫైల్ ఒక్కటి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో పెడితే చాలు. అది లేకపోతే పరికరం కనిపిస్తుంది, ట్యూన్ కాదు. డీమెసేజ్ లాగ్‌లో (కెర్నెల్ సందేశాల చిట్టాలో) కావాల్సిన ఫైల్ పేరు అదే చెబుతుంది.

టీవీహెడెండ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీవీబీ-ఎస్ నెట్‌వర్క్ ఒకటి చేసి, ట్యూనర్‌కు యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ ఎంచుకుని, మక్స్‌ను (ట్రాన్స్‌పాండర్ వివరాలను) చేత్తో ఎక్కించాలి. ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. ఫ్రీక్వెన్సీ గడి కిలోహెర్ట్‌జ్‌లో అడుగుతుంది, సింబల్ రేటు గడి సెకనుకు సింబళ్ళలో అడుగుతుంది. 11090 నిలువు ట్రాన్స్‌పాండర్ ఎక్కించాలంటే 11090000, 29500000 అని రాయాలి. సెట్‌టాప్ బాక్సు అలవాటుతో 11090, 29500 అని రాస్తే స్కాన్ నిమిషంలో ముగుస్తుంది, ఛానెళ్ళు సున్నా. డిష్‌ను తిట్టుకుంటూ డాబా ఎక్కేముందు ఆ సున్నాలు లెక్కపెట్టండి.

ఫ్రీ డిష్ లోపం కూడా చెప్పాలి. తెలుగు ఛానెళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. పైగా ప్రైవేటు ఛానెళ్ళ స్లాట్లు వేలంలో చేతులు మారుతుంటాయి. ఏప్రిల్ వచ్చిందంటే మళ్ళీ స్కాన్ చేసి, టైమర్లు పాత ఛానెల్‌నే పట్టుకుని ఉన్నాయా అని చూసుకోవాలి.

కేబుల్ బాక్స్ క్యాప్చర్

బాక్సు బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాంతో అందరూ ఇదే చవక అనుకుంటారు. హెచ్‌డీఎమ్‌ఐకి పెడితే చాలా బాక్సుల నుంచి నల్లటి తెర వస్తుంది, ఎందుకంటే అవి హెచ్‌డీసీపీ అనే కాపీ నిరోధక రక్షణతో పంపుతాయి. దాన్ని తీసేసే స్ప్లిటర్ల జోలికి వెళ్ళకండి. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదించడం 2012లో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ కింద నేరం.

ఇక మిగిలేది పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ అవుట్. 720 బై 576, అది కూడా ఇంటర్‌లేస్డ్ (గీత విడిచి గీతగా వచ్చే బొమ్మ). హెచ్‌డీ ఛానెల్‌కు డబ్బు కట్టినా రికార్డులో ఎస్‌డీయే. సీరియల్‌కు చాలు, క్రికెట్‌కు బంతి కనపడదు. ఏవీ స్టిక్కుల్లో పై డబ్బా ఒకటే, లోపలి చిప్ వేరు. ఎస్‌టీకే1160 అయినా, యూఎస్‌బీటీవీ డ్రైవర్‌తో నడిచేదైనా లినక్స్‌లో నడుస్తుంది. దుకాణంలో డబ్బా మీద ఇది రాసి ఉండదు. అందుకే వాపసు తీసుకునే చోటే కొనాలి. ఇంటికి తెచ్చాక ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం కొడితే గుట్టు బయటపడుతుంది.

రక్షణ లేని హెచ్‌డీఎమ్‌ఐ అవుట్ ఉంటే ఎమ్‌ఎస్2109 చిప్ స్టిక్ పనిచేస్తుంది. కాకపోతే పాత కెర్నెళ్ళలో దాని ధ్వని 96 కిలోహెర్ట్‌జ్ మోనోగా కనబడుతుంది, నిజానికి అది 48 కిలోహెర్ట్‌జ్ స్టీరియో. ఎడమ కుడి కలిసిపోయి మాటలు వింతగా వినబడితే స్టిక్కును మార్చకుండా కెర్నెల్‌ను మార్చండి. 5.9 నుంచి ఇది సర్దుకుంది.

అసలు తలనొప్పి బొమ్మ కాదు, బాక్సు. ఛానెల్ మార్చడానికి 940 నానోమీటర్ల ఐఆర్ ఎల్‌ఈడీని బాక్సు ముందు అంటించి, ఐఆర్-సీటీఎల్ అనే లినక్స్ ఆదేశంతో రిమోట్ సంకేతాలు నేర్పాలి. అంకెల మధ్య అర సెకను విరామం ఇవ్వకపోతే 214 కాస్తా 24 అవుతుంది, గంటసేపు ఇంకేదో ఛానెల్ రికార్డవుతుంది. కొన్ని బాక్సులు నాలుగు గంటలు రిమోట్ ముట్టకపోతే నిద్రపోతాయి. అందుకే ప్రతి రికార్డింగ్‌కు ముందు ఒక మీట నొక్కించాలి. కరెంటు పోయి వస్తే బాక్సు స్టాండ్‌బైలో లేస్తుందా, ప్రోమో ఛానెల్‌లో లేస్తుందా అన్నది దాని ఇష్టం. ఇవన్నీ దాటినా, రికార్డు అవుతున్నంతసేపు టీవీ అదే ఛానెల్‌కు కట్టుబడాలి. ఇంట్లో రిమోట్ పంచాయితీ ఖాయం. తప్పించుకోవాలంటే రెండో కనెక్షన్, అంటే నెలనెలా రెండో బిల్లు. చవక అన్న మాట అక్కడితో సరి.

మా తీర్పు దాచేదేం లేదు: ఫ్రీ డిష్‌లో దొరికేది ఏదైనా ట్యూనర్‌తోనే. కేవలం సీరియళ్ళ కోసమైతే, ఆ ఛానెల్‌కు ఓటీటీ యాప్ ఉందేమో ముందు చూడండి. అక్కడ కూడా దొరకని కార్యక్రమానికే క్యాప్చర్ మీద కష్టపడండి.

పాత డెస్క్‌టాపా, రాస్ప్‌బెర్రీ పైనా?

ట్యూనర్ దారికి రాస్ప్‌బెర్రీ పై 4 చాలు. కానీ దాని నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. రెండున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడే ఒక ఆంపియర్ దాకా లాగుతుంది, కాబట్టి సొంత అడాప్టర్ ఉన్న హబ్ తప్పదు. రికార్డింగులు ఎస్‌డీ కార్డు మీద వద్దు. క్యాప్చర్ దారికి పై 5 కొంటే దెబ్బతింటారు. పై 4లో ఉన్న హెచ్.264 హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌ను (వీడియోను కుదించే చిప్ భాగాన్ని) పై 5లో తీసేశారు. 2011 నాటి రెండో తరం ఇంటెల్ కోర్ డెస్క్‌టాప్‌లో మాత్రం అదే పని చేసే క్విక్‌సింక్ ఉంది.

కరెంటు లెక్కలో పై గెలుస్తుందని అందరూ అనుకుంటారు. 50 వాట్ల డెస్క్‌టాప్ రాత్రింబవళ్ళు నడిస్తే నెలకు 36 యూనిట్లు. తెలంగాణ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వచ్చే ఇంట్లో ఇప్పటికే 170 కాలుతుంటే, ఈ 36తో మీటరు గీత దాటి మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. పై, డిస్కు, ట్యూనర్ కలిపి 12 వాట్లయితే తొమ్మిది యూనిట్లు.

అయితే డెస్క్‌టాప్ నిద్రపోగలదు. ఆర్‌టీసీవేక్ అనే ఆదేశంతో రికార్డింగ్‌కు పది నిమిషాల ముందు లేచేలా చేసి రోజుకు నాలుగు గంటలే నడిపితే నెలకు ఆరు యూనిట్లే, అంటే పై కన్నా తక్కువ. పై 4కు సొంత గడియారం లేదు కాబట్టి ఈ కిటుకు దానికి కుదరదు. కరెంటు పోయి వచ్చినప్పుడు నెట్ కూడా లేకపోతే టైమే తప్పుతుంది, రికార్డింగ్ కూడా తప్పుతుంది.

నిద్ర కుదరాలంటే బయోస్‌లో ఈఆర్‌పీ (కరెంటు ఆదా సెట్టింగు) ఆపేయాలి, గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉండాలి, లేకపోతే ఐదున్నర గంటల తేడాతో లేస్తుంది. పదేళ్ళ బోర్డులో సీఆర్2032 బ్యాటరీ చచ్చే ఉంటుంది, ముందే మార్చండి. సస్పెండ్ నుంచి లేచాక యూఎస్‌బీ ట్యూనర్ పలకకపోతే సస్పెండ్ మాని పూర్తి షట్‌డౌన్ వాడండి. ఫర్మ్‌వేర్ కొత్తగా ఎక్కుతుంది.

టీవీహెడెండా, మిత్‌టీవీయా?

టీవీహెడెండ్. 9981 పోర్టులో బ్రౌజర్‌తో అంతా సర్దుకోవచ్చు, డేటాబేస్ గొడవ లేదు, టీవీకి కోడి అనే ప్లేయర్‌తో కలుస్తుంది (పేరు చూసి నవ్వకండి). దాని యూజర్‌ను వీడియో గ్రూపులో చేర్చకపోతే ట్యూనర్ కనిపించదు. మిత్‌టీవీకి మరియాడీబీ అనే డేటాబేస్ కావాలి, అందులో టైమ్‌జోన్ పట్టికలు ఎక్కించకపోతే మొదలే కాదు. ప్రకటనలను గుర్తుపట్టే సౌకర్యం దానికి సొంతంగా ఉంది, కానీ ప్రకటనల్లోనూ లోగో ఉంచే ఛానెళ్ళలో అది ఊహలే చెబుతుంది. బాక్సుకు ఐఆర్‌తో ఛానెల్ మార్చే స్క్రిప్టును జోడించడం మాత్రం మిత్‌టీవీలో తేలిక, కాబట్టి క్యాప్చర్ దారిలో వెళ్ళేవాళ్ళకు అది పనికొస్తుంది. వీడీఆర్ అనే మూడో సాఫ్ట్‌వేర్ టీవీ ముందు కూర్చుని రిమోట్‌తో నడపాలనుకునేవాళ్ళకు.

ఈపీజీ (కార్యక్రమాల పట్టిక) రాని ఛానెళ్ళకు టైమర్ పెట్టి, ముందు రెండు, వెనక పది నిమిషాలు కలపండి. మ్యాచ్‌కైతే వెనక గంట.

ఫైల్ ఏ దారిలో వచ్చినా టీఎస్ అనే ఫార్మాట్‌లోనే ఉండనివ్వండి. ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే వీడియో పనిముట్టుతో నేరుగా ఎంపీ4లోకి రాస్తుండగా కరెంటు పోతే, ఫైల్ చివర రాయాల్సిన సూచిక రాయనే లేదు కాబట్టి రెండు గంటల రికార్డింగ్ తెరుచుకోదు. టీఎస్ అయితే ఆగిన క్షణం దాకా ఆడుతుంది. ఇన్వర్టర్ ఉంటే దాని వెనకాల స్విచ్‌ను యూపీఎస్ వైపు పెట్టండి. మామూలు మోడ్‌లో మారేటప్పటి రెప్పపాటుకే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది.