హాల్ల పెట్టిన పీఎస్ 4, ఏడేండ్లు వాడినంక నా రివ్యూ

2018 దసరకి కొన్న ఇది. పీఎస్ 4 స్లిమ్, అంటె టీవీకి పెట్టి గేమ్‌లు ఆడే సోనీ ప్లేస్టేషన్ మిషన్, 500 జీబీది, ఒక రిమోట్‌తోని వచ్చింది. ఏడేండ్లు దాటింది, ఇంకా మా ఇంట్ల నడుస్తనే ఉంది. కొన్న నాలుగు రోజులకే చేసే రివ్యూలు మస్తు చూసిన, డబ్బా తెరుసుడు, అటు తిప్పి ఇటు తిప్పి చూపెట్టుడు, పదికి తొమ్మిది మార్కులు ఏసుడు, అయిపాయె. నల్లగొండ ఎండకి అది ఎట్ల తట్టుకుంటది, ఆడుతుంటె కరెంట్ పోతె ఏమైతది, ఇంట్ల పెద్దోళ్ళు చిన్నోళ్ళు ఉంటె ఎవరి చేతికి పోతది, అదేం చెప్పరు. మన దిక్కు ఊర్లల్ల ఉండి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌ల కొందామా వద్దా అనుకునేటోళ్ళ కోసం ఇది రాస్తున్న.

కొనేటప్పుడు మా అమ్మ ఒక్కటే మాట అన్నది, నీ రూంల పెడితె ఊకోను, హాల్ల పెట్టు, ఏమాడుతున్నవో మేం గూడ చూస్తం అని. గప్పుడు నాకు కోపమొచ్చింది, నా పైసలతోని కొన్న కదా అని. ఇప్పుడు ఎవరన్న అడిగితె నేను చెప్పే మొదటి మాట అదే, హాల్ల పెట్టుండ్రి. ఎందుకో కింద చదివితె తెలుస్తది.

దసర 18న అయింది, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గదే అక్టోబర్ 26న వచ్చింది. దాంట్ల రెండు సీడీలు, ఒకటి ఎక్కిచ్చుకోనీకె, ఒకటి పెట్టి ఆడనీకె. దగ్గర దగ్గర 100 జీబీ గేమ్. గప్పుడు మా ఇంటికి ఫైబర్ లేదు, ఫోన్ల రోజుకి జీబీన్నర డేటా, దాన్నే హాట్‌స్పాట్ పెట్టుకోవాలె, గంత గేమ్ డౌన్‌లోడ్ చెయ్యాలంటె రెండు నెలలు పట్టేది. సీడీ పెట్టి పండుకుంటె తెల్లారేసరికి ఎక్కి ఉండె. సీడీ అంటె ఏందో అసలు విలువ నాకు గారోజే తెలిసింది.

ఇగ మా నాయిన సంగతి. నాయిన ఆర్టీసీ డ్రైవర్, నల్లగొండ డిపోల. దేవరకొండ రూట్ల ఎన్నో ఏండ్లు, తర్వాత నార్కట్‌పల్లి మీదికెల్లి హైదరాబాద్. 2019 అక్టోబర్ 5 నుంచి ఆర్టీసీ సమ్మె నడిచింది, 50 రోజులు దాటింది అది, తెలంగాణల అందరికి యాదుంటది. పొద్దుగాల మూడున్నరకి లేసే అలవాటున్న మనిషి, డ్యూటీ లేదు, అయినా గా టైంకే లేసి హాల్ల కుర్చీల కూసునేది. ఒక రోజు నేను జీటీఏ 5 ఆడుతున్న, రోడ్డు మీద సిటీ బస్సు కనబడ్డది, నాయిన అడిగిండు, గా బస్సు నడపొస్తదా అని. వస్తది అని చెప్పిన. అయితె గా ఆటల బండి కావాలంటె డ్రైవర్‌ని గుంజి కిందేయాలె, నేను గదే చేసిన, నాయినకి అస్సలు నచ్చలే, డ్రైవర్ మీద చెయ్యేసుడు ఏంది బిడ్డా అన్నడు. గా మాట తర్వాత ఎప్పుడు నాయిన ముంగట అట్ల చెయ్యలే. నాయిన స్నానానికి పోయినప్పుడు నేనే ఒక బస్సు తెచ్చి రోడ్డు పక్కకి ఆపి రిమోట్ టీపాయ్ మీద పెట్టేటోన్ని.

రిమోట్‌ల ఆర్2 యాక్సిలేటర్, ఎల్2 బ్రేకు, ఎడమ చేతి పుల్లని లోపలికి నొక్కితె హారన్. ఆర్2 సగం నొక్కితె సగం ఊపు, మొత్తం నొక్కితె మొత్తం ఊపు, ఇది నేను చెప్పలే, నాయిననే పట్టిండు. వేలితోని మెల్లగ ఒత్తుకుంట, ఇది కాలి కింద పెడలే గదరా, పాదం బదులు వేలు, గంతే అన్నడు. స్టీరింగ్ ఎడమ దిక్కు, రోడ్డుకి కుడి దిక్కు నడపాలె, అమెరికా కదా, రెండు రోజుల్ల అలవాటు చేసుకున్నడు. గా ఊరు లాస్ ఏంజెల్స్ చూసి చేసిన ఊరు, పేరు లాస్ సాంటోస్. గండ్ల ఎర్ర లైటు పడితె ఆగాల్నని ఎవ్వరు అడగరు, ఆగకున్నా ఏం కాదు, నాయిన మాత్రం ప్రతి సిగ్నల్ కాడ ఆగేది. బస్‌స్టాప్ కనబడితె పక్కకి తీసి ఆపేది, గా ఆటల మనుషులు ఎక్కరు, అట్ల చేసి పెట్టలేదు వాళ్ళు, నాయినకి తెలుసు గూడ, అయినా ఒక రెండు నిమిషాలు ఆపి, అద్దంల ఎన్కకి చూసినట్టు తల తిప్పి, మల్ల కదిలిచ్చేది. అమ్మ వంటింట్లకెల్లి వచ్చి ఎన్క నిలబడి చూస్తుండె. నేను ఏం మాట్లాడకుండ కూసున్న. ముప్పై ఏండ్లు నడిపిన చేతులకి పని లేకపోతె ఎట్లుంటదో నాకు గా హాల్ల తెలిసింది. నా రూంల పెట్టుకోని తలుపేసుకుంటె నాయిన గా బస్సు చూసేదే కాదు.

జీటీఏ 5 పెద్దోళ్ళ గేమ్, 18 దాటినోళ్ళకి, పిల్లల ముంగట పెట్టకుండ్రి. మా ఇంట్ల గా సీడీ బీరువాల ఉంటది, నాయిన బస్సు నడిపేటప్పుడు తప్ప బయటికి రాదు.

2020 లాక్‌డౌన్ల మా అక్క కొడుకు మా ఇంట్లనే చిక్కుకున్నడు, పన్నెండేండ్లోడు గప్పుడు. వాని కోసం క్రికెట్ 19 తెప్పిచ్చిన, రెండో రిమోట్ గూడ. గా గేమ్‌ల మన టీమోళ్ళ అసలు పేర్లు ఉండవు, లైసెన్స్ తీస్కోలే, కాని మనమే ఆటగాళ్ళని తయారు చేస్కోవచ్చు. పోరడు ఏం చేసిండంటె ఎన్జీ కాలేజ్ గ్రౌండ్‌ల ఆడే మా గల్లీ పోరలందరిని పేరు పేరునా ఎక్కిచ్చిండు, ఎవడు లెఫ్ట్, ఎవడు స్పిన్, ఎవడు పొట్టి, ఎవడు బక్కగ, అన్ని చూస్కోని నాలుగు రోజులు కూసోని చేసిండు. మామా, గీన నడ్డి ఒంచి ఏస్తడు కదా, గా యాక్షన్ ఏదో జర చూడు అని ఒక్కొక్కటి అడుగుడు. గా టీం పెట్టి ఆస్ట్రేలియా మీద ఆడుడు. పక్కింటి పోరలు కిటికీల కెల్లి చూసుడు, నేను అవుటయిన్నా, నేనెట్ల అవుటయిన్నా అని అరుసుడు. మా ఇంటామె గేమ్‌లంటె ముట్టకపోయేది, ఓవర్‌కుక్డ్ 2 పెట్టినంక వదల్లే, వంటింటి ఆట, ఒకరు కొయ్యాలె ఒకరు వండాలె ఒకరు గిన్నెలు కడగాలె, టైం లోపల ప్లేట్ పోవాలె. గా ఆటల ఆమె చెప్పినట్టు నేను వింట. మంచి గేమ్, నలుగురు ఒక్కసారి ఆడొచ్చు.

ఇగ కష్టాల సంగతి, ఇది మస్తు ముఖ్యం. నల్లగొండల మే నెల అంటె 44, 45 డిగ్రీలు. గోడ ముట్టుకుంటె కాలుతది, ఇంట్ల ఉన్న మిషన్ ఏం జేస్తది? లోపలి ఫ్యాన్ గట్టిగ తిరుగుతది, టీవీ సౌండ్ పెంచాల్సొస్తది. ఎండకాలం పొద్దుగాల పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా ముట్టొద్దు అనేది మా ఇంటి రూల్. గోడకి ఆనిచ్చి పెట్టొద్దు, టీవీ కింద అల్మారల పెట్టి తలుపేయొద్దు, గుడ్డ కప్పితె ఆడేటప్పుడు తీసెయ్యాలె. మాది రోడ్డు మీద ఇల్లు, దుమ్ము లోపలికి పోతనే ఉంటది. 2021ల ఆడుతుంటె రెండు సార్లు దానంతట అదే బంద్ అయింది, తీస్కపోతె ఒక షాపాయన చూడకుండనే బోర్డు పోయింది, తొమ్మిది వేలు అయితది అన్నడు. మనసు ఒప్పలే, ఫోన్లు బాగుచేసే ఇంకో పిల్లగాని కాడికి పోయిన. ఇప్పి చూస్తె లోపల దూది పరుపు లెక్క దుమ్ము, చిప్ మీద పెట్టిన వేడి గుంజే పేస్ట్ ఎండి సున్నం లెక్క రాలుతుంది. ఊది, తుడిచి, కొత్త పేస్ట్ పెట్టిండు, ఆరు వందలు తీస్కున్నడు, గంటన్నర పని. గప్పటి సంది ఏటా ఉగాది ముంగట ఇప్పిచ్చి క్లీన్ చేయిస్త, మల్ల బంద్ కాలే. ఎవరన్న మీకు బోర్డు పోయింది అంటె ముందు ముంగట కూసోని ఇప్పి చూపిచ్చమనుండ్రి.

కరెంట్ పోయినప్పుడు ఇంకో దెబ్బ తిన్న. గాలివాన వచ్చే పొద్దు, రెడ్ డెడ్‌ల సేవ్ అయ్యేటప్పుడు టక్కున పోయింది, మల్ల పెడితె గా సేవ్ ఫైల్ చెడిపోయింది అని వచ్చింది. నాలుగు నెలల ఆట. నిజంగ చెప్తున్న, రెండు రోజులు మనసున పట్టలే. తర్వాత ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చిన, ఇది పెద్దగ కరెంట్ తినదు, ఆడేటప్పుడు 100 వాట్లు అటిటు, మామూలు ఇంటి ఇన్వర్టర్ టీవీతోని కలిపి మోస్తది. నెలకొకసారి సేవ్‌లన్ని పెన్‌డ్రైవ్‌లకి కాపీ చేస్త, సెట్టింగ్స్‌లనే ఉంటది, దానికి పైసలు కట్టేది లేదు.

హార్డ్ డిస్క్ గూడ నాలుగేండ్ల వేడికి మెల్లగయింది, 2022ల దాని బదులు ఎస్ఎస్‌డీ అనే జల్ది నడిచే డిస్క్ ఏసిన. ఎన్క మూత జరిపితె డిస్క్ ట్రే బయటికి గుంజనీకె ఒక్కటే స్క్రూ, ల్యాప్‌టాప్‌ల ఏసే రెండున్నర అంగుళాలదే పడతది. సాఫ్ట్‌వేర్ ఇంకో పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కిచ్చుకోవాలె, దాంట్ల పీఎస్4 అని ఫోల్డర్, దాని లోపల అప్‌డేట్ అని ఫోల్డర్, రెండు ఇంగ్లీష్ పెద్ద అక్షరాలల్లనే ఉండాలె, లేకపోతె గుర్తు పట్టదు. నేను చిన్న అక్షరాలు కొట్టి ఒక పూట మొత్తం పరేషాన్ అయిన, మీరు కావొద్దని చెప్తున్న. మార్చినంక గేమ్ తెరుచుకునే టైం సగం తగ్గింది.

గేమ్‌లు అంటె పిల్లలు చెడిపోతరు అని మా సుట్టాలు ఇప్పటికి అంటరు. నేను చూసింది చెప్తున్న. మా అక్క కొడుకు ఫోన్ల పబ్జీ గూడ ఆడేది, మూలకి కూసోని చెవుల్ల పెట్టుకోని, పిలిస్తె పలకడు, బువ్వ తినడు. 2020 సెప్టెంబర్ 2న 118 యాప్‌లతోని కలిపి దాన్ని బంద్ పెట్టిన్రు, పోరడు అండ్ల కొనుకున్న బట్టలు తుపాకులు అన్ని ఆగమైనయ్, ఏడ్చిండు. మల్ల 2021 జులైల అదే గేమ్ బీజీఎంఐ అని వచ్చింది, 2022 జులైల అదీ పాయె, 2023ల మల్ల వచ్చె. ఇయ్యాల ఉంటది రేపు ఉండదు, ఫోన్ల గేమ్‌కి పెట్టిన రూపాయి మనది కాదు. అదే పోరడు హాల్ల క్రికెట్ ఆడితె తాత పక్కన కూసుంటడు, అమ్మమ్మ చాయ్ ఇస్తది, ఓడితె అందరి ముంగట ఓడుతడు, గెలిస్తె అందరు చప్పట్లు కొడుతరు, ఇంకో మ్యాచ్ అంటె మా ఇంటామె చాలు లే అంటది. ఆట అదే, కూసున్న జాగ వేరు. నాకైతె తేడా అంత గక్కడనే ఉన్నది అనిపిస్తది.

పైసలు పెట్టి ఆడే రమ్మీ యాప్‌లని గేమ్ అనొద్దు అసలు. తెలంగాణల 2017లనే బంద్ పెట్టిన్రు, అయినా లొకేషన్ మార్చి ఆడినోళ్ళు ఉన్నరు, మా గల్లీలనే ఒకాయన ఆటో అమ్ముకున్నడు, ఇద్దరు ఆడపిల్లలు. 2025 ఆగస్టుల దేశం మొత్తానికి చట్టం వచ్చింది, సంతోషం, గానీ ఆయన ఆటో తిరిగి రాలేదు కదా. వీడియో గేమ్‌ని, దాన్ని ఒక్క గాటకి కట్టి తిట్టేటోళ్ళు జర ఇది ఆలోచించుండ్రి.

సీడీల లెక్క గూడ చెప్త. నేను కొన్నప్పుడు కొత్తది నాలుగు వేల దాకా ఉండె, నేను కొత్తయి రెండే కొన్న, మిగతయి హైదరాబాద్ పోయినప్పుడు పాతయి తెచ్చిన, వెయ్యి, పన్నెండు వందలు. ఆడినంక మిర్యాలగూడల ఒక దోస్తుకి ఇస్త, ఆయనది నాకు ఇస్తడు, ఏడేండ్ల నుంచి ఇట్లనే. ఆన్‌లైన్ల డిస్కౌంట్ అని కొన్నయి ఎవరికి ఇయ్యలేను, అమ్మలేను. ఆన్‌లైన్ల వేరేటోళ్ళతోని ఆడాలంటె ఎక్కువ గేమ్‌లకి ప్లస్ అని చందా కట్టాలె, నేను ఎన్నడు కట్టలే, లోటు అనిపియ్యలే.

రిమోట్ల సంగతి అంటె, మొదటిది ఐదేండ్లు వచ్చింది, పుల్ల దానంతట అదే ఎడమకి జరుగుడు మొదలైంది, పోరలు వాడిన తీరుకి ఐదేండ్లు ఎక్కువే. డూప్లికేట్ ఒకటి వెయ్యికి తెచ్చిన, మూడు నెలలల్ల బటన్ పోయింది, ఇగ అట్ల కొనొద్దు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌ల కొనేటోళ్ళు టీవీకి పెట్టి అరగంట ఆడి చూడుండ్రి, ఫ్యాన్ మోత వినుండ్రి, సీడీ పెట్టి తీసి రెండు మూడు సార్లు చూడుండ్రి, సీడీ గుంజకపోతె ఎంత తక్కువకిచ్చినా వద్దు. సీల్ ఇప్పి ఉంటె భయపడొద్దు, లోపల క్లీన్ చేసిన్రో లేదో అడుగుండ్రి.

పీఎస్ 5 కొంటవా అని అడుగుతున్నరు. ఇది పోయినంకనే. పీఎస్ 4 సీడీలు దాదాపు అన్ని అండ్ల ఆడతయి కాబట్టి సీడీ పెట్టే మోడలే తీస్కుంట, డిజిటల్ మోడల్‌తోని సీడీ డ్రైవ్ రాదు, పీఎస్ 5 ప్రోకి గూడ డ్రైవ్ విడిగ కొనాలె, మా బీరువాల ఇరవై మూడు సీడీలు ఉన్నయ్ మరి. జీటీఏ 6 పీఎస్ 4కి రాదని చెప్తె నాయిన పేపర్ పక్కన పెట్టి, అండ్ల బస్సు ఉంటదా అని అడిగిండు. రిటైర్ అయ్యి నాలుగేండ్లు అయితుంది. సంక్రాంతికి పోరడు హాస్టల్ నుంచి వస్తడు, గల్లీ టీంల ఇద్దరిని మార్చేది ఉన్నదంట, ఒకాయన దుబాయ్ పోయిండు, ఇంకొకాయనకి పోలీస్ జాబ్ వచ్చింది.